గేరు రాడ్డు మీది చెక్క గుండు

జనవరి 12

ఒరేయ్ క్లీనరూ,

నీ ఉత్తరం అందింది. నాన్న బండి దొరికిందా! అమ్మ జబ్బు పడ్డప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుని అమ్మేసిన బండి, ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎవరిదో గోడౌన్లో గోనెసంచుల కింద నీ కంటపడిందా! కళ్ళద్దాలు అమ్మేవాడివి కదా, నీకు కాక ఇంకెవరికి కనబడుతుందిలే. ఉత్తరం చదువుతూ లేత్ ఆపడం మర్చిపోయాను, ఒక ఇనపకడ్డీ సగానికి సగం పొట్టయి కూర్చుంది.

నాన్నకి వెంటనే చెప్పేశాను. ఆగమని నువ్వు రాశావుగానీ నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. అప్పట్నుంచీ ఒకటే గోల. పొద్దున లేవగానే తెల్లచొక్కా తొడుక్కుని, మెడ బొత్తాం దాకా పెట్టుకుని, వాకిట్లో మెట్టు మీద కూర్చుంటున్నాడు. టాక్సీ నడిపిన రోజుల్లో ఎలా కూర్చునేవాడో అచ్చం అలాగే. "మేస్త్రీ, బండొచ్చిందా?" అని పావుగంటకోసారి నన్ను పిలుస్తాడు. నిన్ను క్లీనరనీ, నన్ను మేస్త్రనీ చిన్నప్పుడు ఆయన పెట్టిన పేర్లే ఇంకా. ఫోను మాత్రం చెయ్యకు. అది మోగితే చాలు, ఎవరో కిరాయికి పిలుస్తున్నారని వీధిలోకి పరిగెడుతున్నాడు. ఏం చెప్పాలన్నా ఉత్తరమే రాయి.

అసలు సంగతి ఇది. మతిమరుపు నెలనెలా ముదురుతుందని, ఏడాది తిరిగేసరికి మనల్ని కూడా గుర్తుపట్టకపోవచ్చని డాక్టరు చెప్పాడు. అందుకే తొందర. అది తన బండేనని తెలిసే రోజుల్లోనే నాన్న ఒక్కసారి స్టీరింగు ముందు కూర్చోవాలి. నాకింకేం అక్కర్లేదు.

ఆ వెనక ఎడమ తలుపు ఇంకా కుంగే ఉందా అని అడగమన్నాడు. గుర్తుందా, పైకెత్తి లాగితేగానీ పడి చచ్చేది కాదు! ఎక్కిన ప్రతివాళ్ళకీ "కాస్త ఎత్తి వెయ్యండి" అని చెప్పి చెప్పి నాన్న గొంతు పోయేది.

దీంతో పాటు చిన్న పొట్లం పంపుతున్నాను. గేరు రాడ్డు మీది గుండు పగిలిపోతే, పద్నాలుగేళ్ళప్పుడు పక్క షాపు లేత్ మీద నేను చేసిచ్చిన చెక్క గుండు అది. నా మొట్టమొదటి పని. ఉలి జారి పడ్డ గాటు కూడా అలాగే ఉంది. బండి అమ్మిన రోజున నాన్న దాన్ని ఊడదీసి జేబులో వేసుకుని, ఉత్త రాడ్డుతోనే బండి అప్పగించాడు. ఇన్నాళ్ళూ ఆయన చొక్కాల అరలోనే ఉంది. బిగించెయ్యి.

నీ అక్క,
మేస్త్రి


జనవరి 25

అక్కకి,

పొట్లం అందింది. గుండు చూడగానే నాన్న చెయ్యి కనిపించినట్టయింది. జాగ్రత్తగా నా అద్దాల సొరుగులో పెట్టాను.

కానీ దాన్ని బిగించనక్కా. కోప్పడకుండా విను. ఈ బండిని కంపెనీ నుంచి బయటికి వచ్చిన రోజున ఎలా ఉందో అలా చేసి నాన్నకి ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. ప్రతి భాగమూ అసలుదే ఉండాలి. హెడ్‌లైట్ రింగులు, హారన్ రింగు, మీటరు అద్దం, గేరు గుండు పోయాయి. ఇలాంటి పాత బండ్లకని ఇప్పుడు కొత్తగా నమూనా భాగాలు చేసి కేటలాగులో అమ్ముతున్నారు. ఒక రింగు తెప్పించి చూశాను. పిల్లల బొమ్మకి వెండిరంగు పూసినట్టుంది. ఆ నకిలీ సరుకు నాకొద్దు, వెనక్కి పంపేశాను. అసలు భాగాలు దాచుకునే సేకర్త ఒకాయన ఉన్నాడు. మీగడ రంగు బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్ మీద గేరు అంకెలు చెక్కిన అసలు గుండు ఆయన దగ్గర ఉందట. బతిమాలుతున్నాను.

తలుపు గురించి తర్వాత రాస్తాను. నాన్నని మెట్టు మీద మరీ అంతసేపు కూర్చోనివ్వకు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 20

ఒరేయ్ క్లీనరూ,

నీకేమైనా బుర్ర ఉందా? ఎవడో సేకర్తట, వాడిని బతిమాలుతున్నాడట! కేటలాగు సరుకు నీ కంటికి ఆనదు, సరే. పాత సరుకు దొరకదు, సరే. మరి నీకు లేత్ తిప్పే అక్క ఒకత్తె ఏడ్చిందని గుర్తుందా? కొలతలు పంపు. రింగులు రెండు రోజుల్లో చేసి పడేస్తాను. పాలిష్ పట్టాక నీ కంపెనీవాడొచ్చినా తేడా చెప్పలేడు.

నకిలీ అని ఎంత తేలిగ్గా అనేశావురా! ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేను చేస్తున్నదంతా ఏమిటి మరి? అరిగిపోయిన దాన్ని చూసి అలాంటిది ఇంకోటి చెయ్యడమేగా? ఆ చెక్క గుండు పట్టుకునే నాన్న ఎనిమిదేళ్ళు బండి నడిపి మనకి తిండి పెట్టాడు. అది కాస్తా ఇప్పుడు నీ సొరుగు పాలైంది.

నాన్న మెడ బొత్తాం తానే పెట్టుకోలేకపోతున్నాడు, నేను పెడుతున్నాను. బొత్తాం పెట్టాక అద్దంలో చూసుకుని "ఎవరాయన?" అన్నాడు మొన్న. "మా టాక్సీ డ్రైవరు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన ఎందుకు నవ్వాడో నాకు తెలీదు.

కొలతలు పంపు.

నీ అక్క


మార్చి 8

అక్కకి,

ఆ మాట కేటలాగు సరుకుని అన్నానుగానీ నీ పనిని కాదు. నీ చేతి పని నాకు తెలియదా? నువ్వు అంత కష్టపెట్టుకుంటావనుకోలేదు.

కానీ కొలతలు పంపలేను. ఈ బండిలో ఒక్క మేకు కూడా అసలుది కానిది ఉండకూడదు. దానికి నా కారణం నాకుంది, ఇప్పుడు అడక్కు. నువ్వు చేసిచ్చావంటే తప్పకుండా బిగించేస్తాను, ఆ తర్వాత నాకు నిద్ర పట్టదు. ఇంకో మూడు నెలలు ఓపిక పట్టు.

నీ ఉత్తరాల్లో అన్నీ హాస్యాలే. ఏది నిజమో, ఏది నన్ను నవ్వించడానికి రాశావో తెలియడం లేదు. నాన్న నిజంగా ఎలా ఉన్నాడు? మూడు నెలలు పరవాలేదా? ఒక్క మాట రాయి చాలు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 2

కళ్ళద్దాల దొరగారికి,

ఒక్క మాట అడిగావు కదా, రాస్తున్నాను. నాన్న బాగానే ఉన్నాడు.

నా చేతి పని చూస్తే నిద్ర పట్టని మనిషికి ఇంతకంటే ఏం రాయను? నీ కంపెనీ సరుకు నువ్వు తీరిగ్గా ఏరుకో. ఇక్కడ మేం బాగానే ఉన్నాం.

అక్క


జూన్ 30

అక్కకి,

నీ కోపం ఇంకా తగ్గలేదని మూడు నెలల నీ మౌనం చూస్తే తెలుస్తోంది. అయినా శుభవార్త కాబట్టి రాస్తున్నాను. హెడ్‌లైట్ రింగులు దొరికాయి, రెండూ అసలువే! ఒకదాని లోపలివైపు కంపెనీ ముద్ర కూడా ఉంది. హారన్ రింగు పాత సామాన్ల బజారులో, కాళ్ళరిగేలా తిరిగిన ఆరో ఆదివారం దొరికింది. మీటరు అద్దం నేనే అరగదీశాను, అది మాత్రం నా వృత్తిధర్మంగా క్షమించు. రంగు కూడా వేయించాను. నాన్న బండిది ఏ ఆకుపచ్చో గుర్తుపట్టడానికి అమ్మ, నువ్వు బానెట్ మీద కూర్చున్న ఫొటో పెట్టుకుని నాలుగు రకాలు కలిపించాను.

ఇక మిగిలింది గేరు గుండు. సేకర్త ఊళ్ళో లేడు, ఆగస్టులో వస్తాడు. నాన్న బాగానే ఉన్నాడని నువ్వు రాశావు కాబట్టి నేనూ తొందరపడలేదు. ఆ మాట నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

నీ తమ్ముడు,
క్లీనరు


జులై 11

తమ్ముడూ,

నాన్న బాగా లేడు. ఏప్రిల్లోనే బాగా లేడు. నీ మీద కోపంతో రాశానురా ఆ మాట. దాన్ని పట్టుకుని నువ్వు మూడు నెలలు నిశ్చింతగా తిరిగావంటే, చెప్పు పుచ్చుకుని నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

పది రోజులుగా నన్ను "మీరు" అంటున్నాడు. అన్నం పెడితే "మీకెందుకండీ శ్రమ" అంటాడు. నిన్న షాపు మూసి ఇంట్లోకి రాగానే లేచి నిలబడి "ఎక్కడికి వెళ్ళాలమ్మా?" అని అడిగాడు. కిరాయికొచ్చాననుకున్నాడు. "ఇంటికి నాన్నా" అన్నాను. "కూర్చోండి, బండి రాగానే దింపేస్తాను" అన్నాడు. అలాగేనని పక్కన కూర్చున్నాను. మేస్త్రి అనే పిలుపు ఆ నోట్లోంచి ఎప్పుడు ఆఖరిసారి వచ్చిందో కూడా నాకు గుర్తులేదు. ఆ రోజు పనిలో పడి పలికానో లేదో.

ఒక్కటే ఇంకా పోలేదు. బండి. అందులో ప్రతి గీతా చెబుతాడు. ఎడమ తలుపు, వెనక సీటు మీద సిగరెట్టు కాలిన మచ్చ, ఎడమవైపు తిప్పితే తనంతట తానే కూసే హారను. నీకు దణ్ణం పెడతాను, గుండు లేకపోయినా, రంగు లేకపోయినా తీసుకొచ్చెయ్యి. ఈ ఒక్కటీ పోకముందే రా.

అక్క


సెప్టెంబర్ 20

తమ్ముడూ,

చేరావని తెలిసింది. బండి తెచ్చిన ఆ ఆదివారం నాతో ఒక్క మాటైనా చెప్పకుండా మళ్ళీ అందులోనే వెళ్ళిపోయావు. తప్పు పట్టను. ఉండి మాత్రం ఏం చేస్తావు?

ఆ పది నిమిషాలూ నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. హారను వినబడగానే నాన్న మెట్టు దిగిన తీరు చూశావుగా, పాతికేళ్ళవాడిలా! బండి చుట్టూ తిరిగాడు. రంగు నిమిరాడు. వెనక ఎడమ తలుపు తీసి, ఎప్పట్లాగే పైకెత్తి లాగబోయాడు. అదేమో కిమ్మనకుండా పడింది. ఆయన చెయ్యి మాత్రం అలా గాల్లోనే ఉండిపోయింది. తర్వాత ముందు కూర్చుని, నేను రమ్మని రాశాక కూడా సేకర్త కోసం ఆగి నువ్వు తెచ్చిన ఆ గేరు గుండు పట్టుకున్నాడు. వేడి వస్తువు ముట్టుకున్నట్టు చెయ్యి తీసేశాడు. "చాలా బాగుందండీ. ఎవరిదీ బండి? నాది కాదు" అన్నాడు. నువ్వు మళ్ళీ అడిగావు. మళ్ళీ అదే మాట.

నేను చేసిన పని నువ్వూ చూశావు. వీధిలో అందరి ముందూ ఆయన భుజాలు పట్టుకుని కుదిపేశాను. "నీదే నాన్నా, నీదే! కాస్త చూడు!" అని అరిచాను. ఆయన బెదిరిపోయి "క్షమించండి, నాది కాదండీ" అన్నాడు. నన్ను క్షమించమన్నాడురా, నన్ను.

నిన్ను ఒక మాట అనకుండా ఉండలేను. కుంగిన తలుపు బాగుచేశావు, మచ్చ ఉన్న సీటు తీసేశావు, నా గుండు సొరుగులో పడేశావు. కంపెనీవాడి బండి తయారైంది, నాన్న బండి పోయింది. అసలుది అసలుది అని ఎనిమిది నెలలు తిని, ఆయనకి తెలిసిన ప్రతిదీ గీకి పారేశావు.

సరే, అయిపోయింది. తన బండినే గుర్తుపట్టలేదంటే ఇక లోపల ఎవరూ లేరని నాకు అర్థమైంది. ఇప్పుడు ఆయన ఏమన్నా "సరే సరే" అంటున్నాను, వాదించడం మానేశాను. షాపూ ఆయనా రెండూ నావల్ల కావడం లేదు. రెండుసార్లు రోడ్డు మీద దొరికాడు. ఊరి చివర పెద్దవాళ్ళని చూసుకునే హోమ్‌లో పేరు రాయించాను. ఒకటో తారీకున దింపాలి. బండిని గుర్తుపట్టి ఉంటే చచ్చినా పంపేదాన్ని కాదు.

అక్క


సెప్టెంబర్ 28

అక్కా,

ఇది చదివేముందు కూర్చో. ఫోను చేసి చూశాను, నువ్వు ఆపేసే ఉంచావు.

నాన్నని పంపకు. నాన్న తప్పు చెప్పలేదు. అది ఆయన బండి కాదు.

గోడౌన్లో చూసినప్పుడు అదేననుకున్నాను. అదే మోడలు, అదే ఏడాది. ఆ సంబరంలో నీకు రాసేశాను. తలుపు ఇంకా కుంగే ఉందా అని నాన్న అడిగాడని నువ్వు రాశావు చూడు, అది చదివి వెళ్ళి తలుపు తీసి వేశాను. చక్కగా పడింది. పాత కాగితాలు తీసి ఇంజను నంబరు చూస్తే వేరే. నాన్న బండిని తొమ్మిదేళ్ళ కిందటే తుక్కు కింద కొట్టేశారని తర్వాత తెలిసింది.

అప్పటికే నాన్న బొత్తాం పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఆ మనిషిని ఏ మొహం పెట్టుకుని లేవమనను? బండి నాన్నది కాదు, కనీసం అందులో ఉన్నదంతా నిజమైనదిగా ఉంటే నేను చెప్పిన అబద్ధం కొంచెం చిన్నదవుతుందనుకున్నాను. నీ గుండు బిగించకపోవడానికీ అదే కారణం. ఆ బండి మొత్తంలో నాన్నదైన వస్తువు అదొక్కటే అయ్యేది. వేరేవాళ్ళ బండికి దాన్ని తగిలించి నాన్నని నమ్మించడానికి నాకు చేతులు రాలేదు. తగిలించి ఉంటే బహుశా నమ్మేవాడేమో. ఆలోచించిన కొద్దీ పిచ్చెక్కుతోంది.

ఆ రోజు ఆయన "నాది కాదు" అన్నప్పుడు నేను ఎందుకు పారిపోయానో ఇప్పుడు అర్థమైందా? మన ముగ్గురిలో నిజం చెప్పినవాడు ఆయనొక్కడే. నువ్వు ఆయన్ని కుదుపుతుంటే నేను నోరు విప్పలేదు. దానికి నన్ను ఏం చేసినా సరే. కానీ లోపల ఎవరూ లేరనకు. ఉన్నాడక్కా. చెయ్యి పెట్టగానే కనిపెట్టాడు.

గుండు ఇందులో పెట్టి పంపుతున్నాను. సెలవు దొరకగానే వస్తాను. పంపకు.

తమ్ముడు


అక్టోబర్ 7

ఒరేయ్,

నీ ఉత్తరం నాలుగో తారీకున వచ్చింది. నాన్నని ఒకటోనే దింపేశాను.

ఎలా పంపానో కూడా విను. ఇల్లు కదలనని గడప పట్టుకున్నాడు. "నీ బండి అక్కడి గేటు దగ్గరికి వస్తుంది నాన్నా, అక్కడే ఉండి ఎక్కించుకో" అన్నాను. అంతే. తనే నడిచొచ్చి ఆటో ఎక్కాడు. దారి పొడుగునా డ్రైవరుకి గేర్లు నేర్పాడు.

నీ ఉత్తరం చదివి షాపు కట్టేసి పరిగెత్తాను. గేటు లోపల ఒక బెంచీ ఉంది, దాని మీద కూర్చున్నాడు, తెల్లచొక్కాతో. బొత్తాం అక్కడివాళ్ళు తప్పు కన్నంలో పెట్టారు. సరిచేసి పక్కన కూర్చుని చెప్పాను, "నాన్నా, ఆ బండి నీది కాదు. నువ్వే కరెక్టు. నేనే మొద్దుని." ఆయన నావైపు తిరిగి "నేను ముందే చెప్పానుకదండీ" అన్నాడు. గొంతులో కాస్త కోపం కూడా ఉంది. ఆ కోపానికి నాకు ప్రాణం లేచొచ్చింది.

గుండు చేతిలో పెట్టాను. చూడనైనా చూడలేదు, గుప్పిట్లో తిప్పుతూ బొటనవేలు తిన్నగా ఆ గాటు మీద పెట్టాడు. "ఇది మీకెక్కడ దొరికిందండీ?" అన్నాడు. "మా అమ్మాయి చేసింది. పద్నాలుగేళ్ళు దానికి. ఉలి జారితే ఏడ్చింది. ఆ గాటు ఉంటేనే వేలికి పట్టుంటుందని చెప్పి ఊరుకోబెట్టాను. మా మేస్త్రి." అంతా చెప్పాడురా. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. చెప్పి, గుండుని మళ్ళీ నా చేతిలోనే పెట్టి "ఇది ఆ పిల్లకి ఇచ్చెయ్యండి, వెతుక్కుంటూ ఉంటుంది" అన్నాడు. ఇచ్చేస్తానండీ అన్నాను.

ఇంటికి పోదాం రండి అన్నాను. రానన్నాడు. గంటసేపు బతిమాలాను. "మా అమ్మాయి ఇక్కడే ఉండమందండీ. బండి ఈ గేటుకే వస్తుందట. నేను వెళ్ళిపోతే అది కంగారుపడుతుంది" అన్నాడు. రాదేమోనండీ అన్నాను. "అలా అనకండి, అది అబద్ధం చెప్పదు" అన్నాడు.

మూడు రోజులుగా రోజూ వెళ్తున్నాను. రోజూ అదే మాట. లాక్కెళ్ళబోతే బెంచీ పట్టుకుని అరుస్తున్నాడు.

నువ్వూ నాలాగే ఆలోచిస్తున్నావని నాకు తెలుసు. ఆ బండి తెచ్చి, చెక్క గుండు బిగించి, సీటు మీద సిగరెట్టుతో మచ్చ పెట్టి, ఎడమ తలుపు కీలు అరగదీస్తే చాలు, కుంగుతుంది. లేత్ మీద అరగంట పని. నిన్న కీలు పిన్ను బొమ్మ కూడా గీశాను. ఆయన ఎక్కుతాడు, ఇంటికి తెచ్చేసుకోవచ్చు. గీసి, ఆ కాగితం చించేశాను. మళ్ళీ కనిపెట్టేశాడా, ఆ ముఖం ఇంకోసారి చూడలేను. కనిపెట్టలేదా, అది అసలు భరించలేను.

బండి తేవద్దు. దాన్ని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. నువ్వు బస్సులో రా. తెల్లచొక్కా వేసుకుని రా, ఆయనకి నచ్చుతుంది. నిన్నూ మీరు అంటాడు, ముందే చెబుతున్నాను. ఆ బెంచీ మీద ముగ్గురికి చోటుంది.

మేస్త్రి